నావికుల న్యాయవాది

లోకమున పరుల కష్టమును కన్నులార చూచినవారు పెక్కుమంది కలరు. చూచి కన్నీరు విడిచినవారును కలరు. కాని, చూచిన దానిని మఱవక, తమకు శక్తి చేకూరిన నాడు ఆ కష్టమును తొలగించుటకు పూనుకొన్నవారు మిక్కిలి అరుదు. అట్టి అరుదైన వారిలో రిచర్డు హెన్రీ డేనా యొకడు. అతడు ఉన్నత వంశమున పుట్టియు సామాన్య నావికుడుగా ఓడపై పనిచేసెను. పిదప న్యాయవాదియై, నోరులేని నావికులకు నోరయ్యెను.

అమెరికా సంయుక్తరాష్ట్రములలో ఈశాన్య దిక్కున మసాచుసెట్సు అను రాష్ట్రము కలదు. అందలి కేంబ్రిడ్జి పట్టణమున 1815వ సంవత్సరము ఆగస్టు 1వ తేదీన డేనా జన్మించెను. తాత ఫ్రాన్సిస్ డేనా ఆ రాష్ట్రమునకు ప్రధాన న్యాయమూర్తిగా నుండెను. తండ్రి కవి, విమర్శకుడు. ఆ యింట పుస్తకములకు కొఱత లేదు. ధనమునకు మాత్రము కొఱత యుండెను. బాలునకు ఆఱేండ్ల ప్రాయముననే తల్లి గతించెను. తరువాతి కాలమున గొప్ప తత్త్వవేత్తగా పేరొందిన ఎమర్సను కొంతకాలము అతనికి పాఠములు చెప్పెను.

1831లో డేనా హార్వర్డు కళాశాలలో చేరెను. విద్యార్థులకును అధికారులకును నడుమ పుట్టిన ఒక వివాదమున అతడు తోడి విద్యార్థుల పక్షము వహించినందున, అతనిని కొన్ని నెలలపాటు కళాశాలనుండి వెలుపల నుంచిరి. తాను తప్పు చేయకున్నను స్నేహితులను విడువకుండుట అతనికి అప్పటినుండియే అలవాటయ్యెను. మరల చదువు సాగుచుండగా 1833లో అతనికి తట్టు సోకెను. జ్వరము తగ్గినది గాని కనుచూపు మందగించెను. పుస్తకము తెఱచినంతనే కన్నులు మండుచుండెను. చదువు ఆగిపోయెను.

ఇంట ఊరక కూర్చుండి తండ్రికి భారమగుట అతనికి ఇష్టము లేకపోయెను. సముద్రపు గాలియు, కాయకష్టమును, ముతక తిండియు తన కన్నులకు మందగునని అతడు తలంచెను. చిన్ననాటనుండియు సముద్రముపై అతనికి మక్కువ మెండు. అట్టి కుటుంబములోని యువకులు ఓడనెక్కిన యెడల ప్రయాణికులుగా నెక్కుదురు. డేనా అట్లు చేయలేదు. కళాశాల దుస్తులను విడిచి, నావికుల ముతక చొక్కాయు వదులు లాగును తొడిగి, సామాన్య నావికుడుగా తన పేరు వ్రాయించుకొనెను.

1834వ సంవత్సరము ఆగస్టు 14వ తేదీన పిల్‌గ్రిమ్ అను రెండు కొయ్యల ఓడ బోస్టను రేవునుండి బయలుదేఱెను. దాని పొడవు 90 అడుగులకు మించదు. అది దక్షిణ అమెరికా కొనయందలి హార్ను అగ్రమును చుట్టి, కాలిఫోర్నియా తీరమునకు పోవలసి యుండెను. పనామా కాలువ 1914లో గాని తెఱవబడలేదు. కావున ఆ కాలమున తూర్పు తీరమునుండి పడమటి తీరమునకు ఓడలో పోవువారు ఖండము నంతయు చుట్టవలసినదే.

మొదటి దినములలో డేనా ఓకరింపులతో నీరసించెను. అట్టి స్థితిలోనే తెరచాపలు ముడుచుటకై, ఊగులాడు కొయ్యలపైకి చీకటిలో ఎగబ్రాకవలసి వచ్చెను. ఓడలోని వంటవాడు అతనిని చూచి జాలిపడి, ఉప్పుమాంసమును గట్టిరొట్టెను కడుపునిండ తినుమని బోధించెను. ఆ మాట విని డేనా కోలుకొనెను. కొలది వారములలో అతని అరచేతులు కాయలు కాచెను. త్రాళ్ల పేర్లన్నియు నోటికి వచ్చెను. ఓడ వెనుకభాగమున అధికారులకు గదులు కలవు. ముందుభాగమున, చీకటియు తేమయు నిండిన ఇఱుకు కొట్టులో నావికులు నివసింతురు. డేనా కూడ వారితోనే తినెను, వారితోనే నిదురించెను, వారి కథలు వినెను.

నవంబరు మాసమున ఒకనాటి ఉదయము తోటి నావికుడొకడు, వయసున చిన్నవాడు, కొయ్యపైకి ఎక్కుచు జారి సముద్రమున పడెను. వెంటనే పడవను దింపి వెదకిరి గాని ఫలము లేకపోయెను. నాటి ఆచారము ననుసరించి అతని బట్టలను కప్తాను ఓడపైననే వేలము వేయించెను. నిన్నటి వఱకు తమతో నవ్వుచు తిరిగినవాని చొక్కాలు తోటివారు కొనుక్కొనిరి. నావికుని ప్రాణమునకు గల విలువ యెంతయో ఆనాడు డేనాకు తెలియవచ్చెను.

1835 జనవరిలో ఓడ కాలిఫోర్నియా చేరెను. అప్పుడా ప్రదేశము మెక్సికో దేశమునకు చెందియుండెను. జనము పలుచన, పశువులు మాత్రము లెక్కకు మిక్కిలి. వాని తోళ్లను కొని బోస్టనునందలి చెప్పుల కర్మాగారములకు చేర్చుటయే ఆ ఓడల వ్యాపారము. తోళ్లు ఎండి పలకలవలె గట్టిపడి యుండును. ఆ తీరమున ఓడలు ఒడ్డునకు చేరుటకు వీలు లేదు. కావున నావికులు ఆ తోళ్లను తలలపై మోయుచు, నురుగులు క్రక్కు కెరటములలో నడచి పడవలకు చేర్చవలెను. శాన్ డియాగో అను తావున వానిని ఉప్పునీట నానవైచి, గీకి, ఎండబెట్టి, దుమ్ము దులిపి కొట్లలో పేర్చుచుండిరి. డేనా అక్కడ కొన్ని నెలలు ఈ పని చేసెను. హవాయి దీవులనుండి వచ్చిన కూలీలు అచ్చట అతనికి ప్రాణమిత్రులైరి. వారిలో ఒకడు కఠిన వ్యాధిచే మంచము పట్టగా కప్తాను మందీయ నిరాకరించెను. డేనా తన యోడలోని మఱియొక అధికారిని బతిమాలి మందు తెచ్చి, అతనికి ఉపచారము చేసి బ్రతికించెను.

ఒకచోట తీరము నిట్రముగా కోసినట్లున్న ఎత్తైన కొండగట్టు. తోళ్లను పైనుండి గాలిలోనికి విసరగా అవి గాలిపటములవలె తిరుగుచు క్రింద పడుచుండెను. కొన్ని తోళ్లు నడుమ రాళ్లలో చిక్కుకొనెను. డేనా త్రాడు పట్టుకొని ఆ గట్టునుండి వ్రేలాడుచు దిగి వానిని విడిపించెను. ఆ ప్రదేశమునకే తరువాత డేనా అగ్రమను పేరు వచ్చెను.

విద్యార్థులారా! ఇంతవఱకు చెప్పినది శ్రమ. శ్రమ వలన ఎవడును చెడిపోడు. ఇక చెప్పబోవునది అన్యాయము.

శాన్ పీడ్రో రేవున ఓడ లంగరు వేసియుండగా, సామ్ అను నావికునిపై కప్తాను కోపించెను. అతడు మాటలలో తడబడు స్వభావము కలవాడు. పనిలో కొంచెము మందగొండి. కాని చెడ్డవాడు కాడు. కప్తాను అడిగిన ప్రశ్నలకు తనకు నచ్చిన బదులు రాలేదని, అతనిని త్రాళ్లతో కట్టించి వీపుపై కొరడావంటి మందపు త్రాటితో కొట్టెను. జాన్ అను మఱియొక నావికుడు ముందునకు వచ్చి, అతనిని ఏల కొట్టుచున్నారని అడిగెను. ఆ అడుగుటయే నేరమయ్యెను. అతనిని కూడ కట్టించి, మునుపటికంటె క్రూరముగా కొట్టెను. ఓడపై యజమానిని నేనే యని కేకలు వేయుచు కప్తాను అటునిటు గంతులు వేసెను.

డేనా ఆ దృశ్యమును చూడజాలక ఓడ అంచునకు పోయి, నీటివైపు మొగము త్రిప్పుకొని నిలిచెను. అడ్డుపడవలెనని చేతులు ఉవ్విళ్లూరెను. కాని నావికులు కప్తానును ఎదిరించినచో చట్టము దానిని తిరుగుబాటు అనును. ఎదిరించి ఓడిపోయిన చెఱసాల. గెలిచిన సముద్రపు దొంగలను ముద్ర. ఎటు చూచినను నావికునకు దారి లేదు. ఆ రాత్రి నావికుల కొట్టులో ఎవరును మాటలాడలేదు. దెబ్బలు తిన్నవారి మూలుగులు మాత్రము వినవచ్చుచుండెను. ఆ చీకటిలో డేనా తన మనస్సున ఒక వ్రతము పట్టెను. దైవము తనకెన్నడైనను శక్తినిచ్చిన యెడల ఈ దీనుల బాధలు తొలగించుటకు పాటుపడుదునని నిశ్చయించుకొనెను. అప్పటికి అతని వయస్సు పందొమ్మిదేండ్లు.

తిరుగు ప్రయాణమున అతనికి మఱియొక పరీక్ష యెదురయ్యెను. బోస్టనులోని బంధుమిత్రుల యత్నము వలన, ముందుగా తిరిగిపోవుచున్న అలర్టు అను పెద్ద ఓడలో అతనికి చోటు దొరకెను. కాని కడపటి దినములలో కప్తాను, నీవు పోవలెనన్న నీకు బదులు మఱియొకడు ఈ తీరమున నిలువవలెనని చెప్పెను. చెప్పి, దిక్కులేని ఒక ఆంగ్లేయ బాలుని బలవంతముగా పిల్‌గ్రిమ్ ఓడకు పొమ్మని ఆజ్ఞాపించెను. నావికులందఱు గొణిగిరి. గొప్పయింటి బిడ్డ సుఖముగా ఇల్లు చేరుటకై పేదవాడు ఈ తీరమున మ్రగ్గవలెనా యని వారి మొగములే పలుకుచుండెను. వారు తన్ను పరాయివానిగా చూచుట డేనాకు కొరడా దెబ్బకంటె ఎక్కువ బాధ కలిగించెను. అతడు ఆ బాలుని విడిపించి, ఇష్టపడి నిలుచువాని కొఱకు వెదకెను. ఒక నావికుడు ఒప్పుకొనగా, ఆఱు నెలల జీతమును, తనకు అక్కఱలేని బట్టలను పుస్తకములను అతనికి ఇచ్చెను. అన్యాయము తన లాభము కొఱకు జరుగుచున్నప్పుడు దానిని గుర్తించుట కష్టము. గుర్తించి సరిదిద్దుట మఱింత కష్టము. డేనా ఆ రెండును చేసెను.

1836 మే నెలలో అలర్టు ఓడ 40,000 తోళ్లతో శాన్ డియాగో విడిచెను. హార్ను అగ్రమును సమీపించునప్పటికి జూలై మాసము. భూమధ్యరేఖకు దక్షిణమున అది నడిచలికాలము. ఇండ్లంతేసి మంచుగడ్డలు నలుదెసల తేలుచుండెను. త్రాళ్లు మంచు పట్టి ఇనుప కడ్డీలవలె బిగిసెను. డేనాకు పంటినొప్పి వచ్చి మొగమంతయు వాచెను. నోరు తెఱచి ఆహారము తినుటకు వీలు లేకపోయెను. పెక్కు దినములు వెనుకకు ముందునకు పెనుగులాడి, తుదకు ఓడ ఆ అగ్రమును దాటి, సెప్టెంబరులో బోస్టను చేరెను. రెండు సంవత్సరములకు పైగా సముద్రముపై గడపిన ఆ యువకుడు ఎండకు నల్లబడి, పొడవు జుట్టుతో దిగెను. అతని కన్నులు బాగుపడెను.

అతడు మరల కళాశాలలో చేరి 1837లో పట్టము పొంది, న్యాయశాస్త్రమును అభ్యసించెను. ప్రయాణములో వ్రాసికొన్న దినచర్య యున్న పెట్టె, ఓడ దిగిన నాడే రేవున పోయెను. ఐనను చిన్న చిట్టాయు తన జ్ఞాపకశక్తియు ఆధారముగా అతడు తన అనుభవములను వ్రాసెను. నావికుల బ్రతుకును అధికారుల గదినుండి గాక, నావికుల కొట్టునుండి చూచి వ్రాసిన గ్రంథమది. 1840లో అది ప్రకటింపబడెను. ప్రకాశకులు అతనికి ఇచ్చినది 250 డాలర్లు మాత్రమే; వారు గడించినది దానికి ఎన్నో రెట్లు. కాని ఆ పుస్తకము అతనికి ధనముకంటె విలువైన దానిని ఇచ్చెను. అది నావికుల విశ్వాసము.

ఆ సంవత్సరమే అతడు బోస్టనులో న్యాయవాదిగా పని ప్రారంభించెను. తారు అంటిన చేతులతో నావికులు అతని వాకిట క్రిక్కిరిసిరి. జీతము ఎగవేయబడినవాడు ఒకడు, కప్తాను దెబ్బలకు చేయి విఱిగినవాడు ఒకడు, ఒప్పందమునకు విరుద్ధముగా పరదేశపు రేవున విడువబడినవాడు ఒకడు. నావికుని వ్యాజ్యము నడపుట సులభము కాదు. కప్తానునకు ఓడ యజమానులు అండగా నుందురు. నావికుని సాక్షులో, విచారణ నాటికి వేఱొక ఓడపై ఏ సముద్రముననో ఉందురు. ఉన్నవారి మాటను నమ్మువారు తక్కువ. దోషము రుజువైనను, కప్తానునకు భార్యాబిడ్డలు కలరని న్యాయస్థానము జాలిపడి స్వల్ప శిక్షతో విడిచిపెట్టును. దెబ్బలు తిన్నవానికిని తల్లి కలదని ఎవరికిని తోపదు. నావికులపట్ల క్రూరముగా ప్రవర్తించిన అధికారులకు తేలిక శిక్ష విధింపబడుటను విమర్శించుచు డేనా 1839లోనే, విద్యార్థిగా నుండగనే, ఒక న్యాయశాస్త్ర పత్రికలో వ్యాసము వ్రాసెను.

1841లో ఆయన నావికమిత్రుడు అను అర్థము వచ్చు పేరుతో ఒక గ్రంథమును రచించెను. అందు ఓడ నడపు విధానమును, ఓడ సంబంధమైన పదముల యర్థములును, కప్తాను మొదలు నావికుని వఱకు ఎవరి విధులెట్టివో, ఎవరి హక్కులెట్టివో వివరింపబడెను. తుపాను వేళ ఓడపై ఒక్కని ఆజ్ఞ చెల్లవలెనని, కప్తానునకు అధికారము అవసరమని డేనా ఎఱుగును. ఆయన కోరినది అధికారమును తీసివేయుట కాదు. అధికారము చట్టమునకు బద్ధమై యుండుట. ఆయనవలెనే మఱికొందఱు రచయితలును నాయకులును పాటుపడిరి. తుదకు 1850లో అమెరికా శాసనసభ యుద్ధనౌకలలోను వర్తకపుటోడలలోను కొరడా దెబ్బల శిక్షను రద్దు చేసెను.

అదే సంవత్సరమున ఆ శాసనసభయే మఱియొక చట్టము చేసెను. దక్షిణ రాష్ట్రములనుండి పాఱిపోయి వచ్చిన బానిసలను ఉత్తర రాష్ట్రములవారు పట్టి యజమానులకు అప్పగింపవలెనని దాని భావము. ఓడపై కట్టబడి కొట్టబడిన మనుజుని చూచిన డేనా, సంకెలలు వేయబడిన మనుజుని చూచి ఊరకుండలేకపోయెను. 1854 మే నెలలో ఆంథొనీ బర్న్సు అను నీగ్రో యువకుడు బోస్టనులో పట్టువడెను. డేనా పిలువకయే న్యాయస్థానమునకు పోయి, రుసుము గ్రహింపక అతని పక్షమున వాదించెను. వాదము ఎంత గట్టిదైనను తీర్పు విరుద్ధముగా వచ్చెను. సైనికులు ఇరువైపుల నిలువగా బర్న్సును వీథులలో నడిపించి ఓడ ఎక్కించిరి. ప్రజలు దుఃఖసూచకముగా ఇండ్లకు నల్లబట్టలు వ్రేలాడదీసిరి. ఆ రాత్రి ఇంటికి పోవుచున్న డేనాను ఒక దుండగుడు మొగముపై బలముగా కొట్టెను. మఱుసటి సంవత్సరము సజ్జనులు చందాలు పోగుచేసి బర్న్సునకు స్వేచ్ఛ కొనియిచ్చిరి. అతడు చదువుకొని మతాచార్యుడయ్యెను.

ఈ కార్యముల వలన డేనాకు నష్టము కలిగెను. బోస్టనులోని ధనిక వర్తకులకు దక్షిణపు ప్రత్తితో వ్యాపారము. వారిలో పెక్కుమంది ఆయనకు వ్యాజ్యములిచ్చుట మానిరి. విందులకు పిలిచినవారే వీథిలో మొగము త్రిప్పుకొనిరి. అధిక శ్రమచే ఆయన ఆరోగ్యము చెడెను. అట్టి వేళలయందు ఆయనకు ఒకటే మందు, సముద్రము. ఓడనెక్కి, ఉప్పుగాలి మొగమునకు తగిలినచో ఆయన మరల యువకుడగును. 1859లో ఆయన క్యూబాకు పోయి వచ్చెను. ఆ యేడే ప్రపంచయాత్రకు బయలుదేఱెను. ఇరువదినాలుగేండ్లకు ముందు ఒకే ఒక గుడిసె కనబడిన శాన్ ఫ్రాన్సిస్కో తీరమున ఇప్పుడు దీపములతో మెఱయు మహానగరము నిలిచియుండెను. అచ్చటినుండి హవాయికి పోవు త్రోవలో ఆయన ఎక్కిన ఓడ నడిసముద్రమున తగులబడెను. ఆ వైపు వచ్చిన బ్రిటిషు ఓడ యొకటి అందఱిని కాపాడెను. ఇంత జరిగినను సముద్రముపై ఆయనకు గల ప్రీతి తగ్గలేదు. పిదప అంతర్యుద్ధకాలమున, 1862లో, శత్రునౌక యొకటి అలర్టు ఓడను తగులబెట్టెనని విని, పాతమిత్రుని కోల్పోయినట్లు విచారించెను.

ఆ యుద్ధకాలమున ఆయన ప్రభుత్వ న్యాయవాదిగా నుండెను. తిరుగుబాటు రాష్ట్రముల రేవులను అధ్యక్షుడు లింకను ఓడలతో దిగ్బంధము చేయించెను. అది న్యాయమా కాదా యను వివాదము 1863లో అత్యున్నత న్యాయస్థానమునకు వచ్చినప్పుడు డేనా ప్రభుత్వ పక్షమున వాదించి గెలిపించెను. తీర్పు అయిదుగురు నలుగురుగా చీలి వచ్చినదనిన, ఆ వాదమునకు గల ప్రాముఖ్యము తెలియగలదు.

ఇంతటి వానికిని ఆశించిన పదవులు దక్కలేదు. 1876లో ఆయనను ఇంగ్లండునకు రాయబారిగా నియమింప అధ్యక్షుడు తలపెట్టెను. కాని ఒక న్యాయగ్రంథమును పరిష్కరించుటలో ఇతరుని వ్రాతలను వాడుకొనెనని ఆయనపై అదివఱకే వ్యాజ్యము నడచియుండెను. విరోధులు దానిని ముందునకు తెచ్చిరి. ఎగువసభ అంగీకరింపలేదు. తన జీవితము తాను కోరినంత ఎత్తునకు ఎదుగలేదనియు, పడుచుదనమున వ్రాసిన పుస్తకమే తన గొప్ప విజయమనియు ఆయన వార్ధక్యమున తలపోసెను. అంతర్జాతీయ న్యాయముపై గ్రంథము వ్రాయవలెనని ఐరోపాకు పోయి, అది ముగియకమునుపే, 1882 జనవరి 6వ తేదీన రోము నగరమున మరణించెను. ఆంగ్లకవులు కీట్సు, షెల్లీలు నిదురించు శ్మశానవాటికయందే ఆయన సమాధి కలదు.

పదవులు పొందినవారు పెక్కుమంది. వారి పేర్లు నేడు ఎవరికిని జ్ఞప్తి లేవు. డేనా నోచుకొనని పదవిని నోచుకొన్నవారి మాటయు అంతియే. కాని కాలిఫోర్నియా తీరమున ఒక కొండయంచు నేటికిని ఆయన పేరు మోయుచున్నది. ఒకనాడు ఆయన ఓడ అంచున మొగము త్రిప్పుకొని నిలిచెను. అటుపై నలువదేండ్లకు పైగా మొగము త్రిప్పుకొనక నిలిచెను. దుర్బలుడు మనయెదుట దెబ్బలు తినుచుండగా అడ్డుకొనుశక్తి మనకు ఒక్కొక్కప్పుడు లేకపోవచ్చును. అందు దోషము లేదు. శక్తి వచ్చిన నాడు ఆ దృశ్యమును మఱచుటయే దోషము. మఱవనివాడే మనుజుడని డేనా జీవితము మనకు బోధించుచున్నది.